నోరు విని వచ్చే పిట్ట

దేముడమ్మ వస్తోందని సిరిలిపుట్టు ఊరికి ముందే తెలుస్తుంది. మనిషి మలుపు తిరగకముందే మాట తిరుగుతుంది.

డుంబ్రిగుడ సంత నుంచి ఆ ఊరికి గంటసేపు ఎక్కుడు దారి. ఊపిరి దాచుకోవడానికి అందరూ నోరు కట్టుకుని నడుస్తారు. ఆమె సంతలో ఉల్లిపాయలు అమ్మినవాడి తక్కెడతో మొదలుపెట్టి, దారిలో రాయినీ, ఎండనూ, తెగిన చెప్పునూ తిడుతూ, ఊరి మొదట్లో పనసచెట్టు దాకా వస్తుంది. తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టదు. అందులో కోపం కూడా ఉండదు. నడిచేటప్పుడు కొందరు చేతులు ఊపుతారు. ఆమె తిడుతుంది.

ఈ అలవాటు చేలో అబ్బింది. పుట్టిల్లు కొయ్యూరు అడవుల్లో. ఏడో ఏట తండ్రి ఆమెను జొన్నచేలో మంచె ఎక్కించాడు. చిలకలు గుంపులుగా వాలేవి. వడిసెల తిప్పడానికి చేతిలో బలం లేదు. అరిచేది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా అరిచేది. ఉత్త అరుపుకు చిలకలు రెండు రోజుల్లో అలవాటుపడ్డాయి. అప్పుడు మాటలు కలిపింది. ఒక్కో చిలకకు ఒక్కో తిట్టు. చిలకలు బెదిరాయో లేదో గాని, కోతలయ్యాక మంచె దిగిన పిల్ల నోరు మళ్ళీ మూతపడలేదు.

పద్దెనిమిదేళ్ళప్పుడు, సిరిలిపుట్టులో ఉన్న మేనత్తను చూడడానికి చైత్రమాసంలో వచ్చింది. ఇటుకల పండగ రోజులు. ఆ పండక్కి మగవాళ్ళు వేటకు వెళ్తారు. ఆడవాళ్ళు ఊరి మొదట్లో దారికి అడ్డంగా వెదురుబొంగు కట్టి, పేడనీళ్ళ కుండలు పెట్టుకుని కూచుంటారు. ఏదో ఒకటి చేతపట్టుకుని వచ్చినవాడికి ఆటా పాటా. వట్టి చేతులతో వచ్చినవాడికి ముందు పాటలో తిట్లు, తర్వాత నెత్తిన పేడనీళ్ళు. ఆ ఏడు అందరికంటే వెనకగా, అందరికంటే వట్టి చేతులతో, ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. దేముడమ్మ నిలబడ్డ చోటే అతని మీద ఒక పాట కట్టి పాడింది. అడ్డాకు డొప్పతో కుండలోంచి పేడనీళ్ళు ముంచి పోసింది. ఆచారానికి ఒక్క డొప్ప చాలు. ఆమె రెండు పోసింది. రెండోది ఎందుకు పోసిందో ఆమెకూ తెలియదు. ఆ మనిషి ముఖం తుడుచుకుని నవ్వాడు. అతని పేరు గాసి. ఆమె తిరిగి కొయ్యూరు వెళ్ళింది పెళ్ళి మాటలకే.

ఇది జరిగి ముప్పై రెండేళ్ళు.

గాసి మాట్లాడడు. కోపం వల్ల కాదు. ఇంట్లో ఒకరు మాట్లాడితే చాలునని అతని ఉద్దేశం. ముగ్గురు కూతుళ్ళూ తండ్రి పోలిక. చుట్టుపక్కల ఊళ్ళలో కాపురాలు చేసుకుంటున్నారు. పండక్కి వచ్చి, తిని, తలూపి, వెళ్తారు. ఇంతమంది మూగజీవాల మధ్య తానొక్కతే సంసారాన్ని నోటిమీద మోసుకొస్తున్నానని దేముడమ్మ అంటుంది. అది నిజమే.

పండగలో తిట్లపాట ఎత్తుకునేది పదేళ్ళుగా ఆమే. ఆమె ఒక చరణం అంటే మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు. ఇప్పుడు వేట పేరుకే. చంపకూడదని చట్టం ఉంది. చంపుదామన్నా అడవిలో ఏదీ ఎదురుపడదు. మగవాళ్ళు విల్లు భుజాన వేసుకుని పొద్దంతా తిరిగి, ఒక దుంపనో తేనెపట్టునో చేతపట్టుకుని వస్తే ఆడవాళ్ళు వేట కిందే జమకడతారు. అదీ దొరకనివాళ్ళు పేడనీళ్ళకు తల వంచాలి. పోయినేడు తల వంచడం ఇష్టం లేక, వేటకు పెద్దగా ఉండే బుధు ఒక కోడిని తెచ్చి అడవికోడి అన్నాడు. కోడి పాలలా తెల్లగా ఉంది. కాళ్ళకు సంత తాడు ఇంకా ఉంది. దేముడమ్మ ఆ కోడి మీద కట్టిన పాట డుంబ్రిగుడ దాటి అరకు దాకా పోయింది. బుధు గాసికి చిన్నాన్న కొడుకు, ఆమెకు మరిది. తర్వాత కొన్నాళ్ళు అతను టీ తాగడానికి వెళ్ళిన చోటల్లా ఎవరో ఒకరు కొక్కొరోకో అన్నారు. అతను మరిచిపోలేదు.

ఇక పిట్ట సంగతి.

దేముడమ్మ కాఫీతోట ఊరికి దిగువన, కొండవాగు గెడ్డ ఒడ్డున ఉంది. పైన సిల్వర్ ఓకులు, పనసలు, వాటిని పట్టుకుని మిరియాల తీగ. కింద కాఫీ మొక్కలు. గెడ్డ వారన వెదురూ ముళ్ళతీగలూ పెనవేసుకుని మనిషి దూరలేని పొద. ఆ చుట్టుపక్కల ఎలుగుబంటి తిరుగుతుంది. అలికిడి లేకుండా మనిషి ఎదురుపడితే అది అదిరిపోయి మీద పడుతుంది. అందుకని ఆ ఊరి ఆడవాళ్ళు తోటలో ఒంటరిగా పనిచేసేటప్పుడు పైకి మాట్లాడుతూ చేస్తారు. కొందరు పాడతారు. పాట రానివాళ్ళు ఊరికే దగ్గుతారు. ఈ పద్ధతిలో దేముడమ్మ కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది.

ఆమె పంగకర్రతో రాలిన ఆకును లాగి కాఫీ మొదళ్ళకు చేరుస్తుంది. నాలుగేళ్ళ కిందట ఒక రోజు అలా లాగుతుంటే వెనక ఆకు కదిలిన చప్పుడైంది. తిరిగి చూస్తే ఏమీ లేదు. పని మొదలుపెడితే మళ్ళీ చప్పుడు. మూడో రోజున తిరగకుండా, వంగి, చంక కిందనుంచి చూసింది. పిట్ట. పిచ్చుక కంటే పెద్దది, గోరింక కంటే చిన్నది. తడిసిన ఎండుటాకు రంగు. గొంతు కింద తెలుపు, తోక కింద తుప్పు రంగు. తోక కురచ. ముక్కు మందం. ఎగరదు, గెంతుతుంది. ముక్కుతో ఒక ఆకును పట్టి పక్కకు విసురుతుంది. కింద పురుగు ఉంటే తింటుంది. లేకపోతే ఇంకో ఆకు. తల ఎత్తదు. ఎదురు చెప్పదు.

ఆమె దానికి కోడలని పేరు పెట్టింది. కొడుకు లేడు కాబట్టి కోడలు లేదు. అత్తరికం చేసే యోగం ఈ దారిన పట్టింది. ఆ మూల ఆకు ఎవరు తీస్తారని అడిగేది. నిన్న రాలేదేమని నిలదీసేది. మీ పుట్టింటివాళ్ళు పని నేర్పలేదా అనేది. కోడలు ఆకు విసిరేది. దానికి మగడు కూడా ఉన్నాడు. వాడు పొదలోంచి బయటికి రాడు. లోపలినుంచి మూడు ముక్కల ఈల వేస్తాడు. మూడో ముక్క పైకి లేస్తుంది. కోడలు జవాబు ఈల వేసి మళ్ళీ పనిలో పడుతుంది. ఈ మగడిని చూస్తే గాసి గుర్తొస్తాడని దేముడమ్మ ఊరంతా చెప్పింది. ఆమె చెప్పేవి చాలా ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఈ ఏడు పండగలో, పెద్ద వేటకు ముందురోజు, ఆడవాళ్ళు కట్టిన వెదురుబొంగు దగ్గర ఒక జీపు ఆగింది. అందులో విశాఖ నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. భానుశ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. భాస్కర్ బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, చేతిలో చంటిబిడ్డంత కెమెరా. దారి విడవడానికి ఆడవాళ్ళు అడిగే పండగ కానుక ఇచ్చాక భాస్కర్ ఒక పుస్తకం తెరిచి అందరికీ ఒక బొమ్మ చూపించాడు. ఆరు రోజులుగా గెడ్డ గెడ్డకూ దిగి ఈ పిట్ట కోసం వెతుకుతున్నామని, ఈల రెండుసార్లు వినబడిందని, పిట్ట మాత్రం కనబడలేదని చెప్పాడు. పుస్తకంలో దాని పక్కన ఎవరో తెల్లదొర పేరుంది.

పుస్తకం చేతులు మారి బుధు దగ్గరికి వచ్చింది. వేటపెద్ద కాబట్టి అతను బొమ్మను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఈ కొండల నాకు తెలీని పిట్ట నేదు. ఇది ఇక్కడ నేదు" అన్నాడు.

దేముడమ్మ అతని భుజం మీదుగా తొంగిచూసింది. "ఓస్, ఇదేటి. మా కోడలు."

ఆడవాళ్ళు నవ్వారు. భానుశ్రీ నవ్వలేదు. జీపు దిగి వచ్చి గొంతు రంగు అడిగింది, తోక కింద రంగు అడిగింది. దేముడమ్మ రెండూ చెప్పి, పుస్తకంలో లేనివి ఇంకో పది చెప్పింది. భానుశ్రీ చేతిలో పెన్ను ఆగలేదు. తర్వాత ఆమె తనకు తెలిసింది చెప్పింది. దీని చుట్టాలంతా ఎక్కడో దూరాన ఈశాన్యపు కొండల్లో ఉన్నారు. ఇటు ఈ తూర్పు కనుమల్లో మాత్రం ఏవో కొన్ని గెడ్డల పక్కన ఇది ఒంటరిగా మిగిలిపోయింది. ఎలా మిగిలిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. చీకటి పొదలు వదలదు. చెట్టెక్కి కూచోదు. దీన్ని విన్నవాళ్ళు ఉన్నారు గాని చూసినవాళ్ళు తక్కువ.

"అయితే నా కోడలు నాలాగే, ఈ కొయ్యూరు గుంటలాగే దూరంనుంచి వొచ్చిందన్నమాట" అంది దేముడమ్మ.

బుధుకు ఏడాదిగా ఎదురుచూస్తున్న సందు దొరికింది.

"అలాగైతే వదినా, రేప్పొద్దున్న సూపించు. వేటకి తుడుం కొట్టీలోగా సూపించాల. సూపించావా, పాట నీదే. నేదనుకో, నువ్వూ అడివికెళ్ళి ఒట్టి సేతుల్తో వొచ్చినట్టే కదా. మగోలికో రూలు, నీకో రూలేటి? పేడనీళ్ళు నీకు. పాట ఇంకెవలో ఒకలు ఎత్తుకుంటారు."

ఆడమనిషి నెత్తిన పేడనీళ్ళు పడడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. నవ్వు ఆగింది. అందరూ దేముడమ్మ వైపు చూశారు.

"ఒక్క డొప్పేటి మరిదీ, కుండెత్తి పొయ్యి" అంది ఆమె.

సాయంత్రం గాసి నోరు విప్పాడు. కోడలు తప్పకుండా వస్తుందా అని అడిగాడు. నాలుగేళ్ళలో రాని రోజు లేదని ఆమె చెప్పింది. నెత్తిన పడ్డ పేడ గెడ్డలో మునిగితే పోతుంది. పాట ఇంకొకరి నోటికి పోతే తిరిగి రాదు. ఆమెకు ఉన్నది అదొక్కటే.

పొద్దున్నే ఐదుగురు తోటలోకి దిగారు. భానుశ్రీ ముందే షరతులు చెప్పింది. దేముడమ్మ ఎర్రచీర మీద ఆకుపచ్చ తువ్వాలు కప్పుకోవాలి. గాజులు కొంగులో కట్టుకోవాలి. ఎండుటాకు మీద అడుగు వేయకూడదు. చివరి షరతు చెప్పేటప్పుడు ఆమె కొంచెం మొహమాటపడింది. ఎవరూ మాట్లాడకూడదు. అలికిడైతే పిట్ట రాదు.

ఇంతమంది ఉంటే ఎలుగు రాదు కాబట్టి దేముడమ్మ సరేనంది. అదే ఆమె అన్న ఆఖరి మాట.

కూచున్నారు. కాఫీ పూత ముందురోజే విచ్చుకుంది. కొమ్మ కొమ్మకూ తెల్లగా ముద్దలు ముద్దలుగా ఉంది. వాసనకు తేనెటీగలు మూగుతున్నాయి. గెడ్డ పారుతోంది. వాటికి షరతులు లేవు. భాస్కర్ కెమెరాను మూడు కాళ్ళ మీద నిలబెట్టి దాని వెనక బోర్లా పడుకున్నాడు. బుధు ఒక రాతి మీద కూచుని తీరిగ్గా గడ్డం గోక్కున్నాడు.

దేముడమ్మకు మొదటి అరగంట ఎలా గడిచిందో తెలియలేదు. తర్వాత కళ్ళు పనిచేయడం మొదలుపెట్టాయి. ఎడమపక్క మిరియాల తీగ జారి ఉంది. దాన్ని కట్టమని గాసికి పది రోజుల కింద చెప్పింది. బుధు కూచున్న రాయి కింద ఆమె విత్తనపు అల్లం దాచింది. భాస్కర్ బూటు ఒక కాఫీ మొలక మీద ఉంది. ఒక్కోటీ ఒక్కో మాటగా మారి గొంతు దాకా వచ్చి ఆగుతోంది. వాటి వెనక ఇంకోటి వచ్చి తోస్తోంది. సంత రోజు డుంబ్రిగుడ జీపు ఎక్కినట్టు అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచున్నాయి. ఆమె బుగ్గలు ఉబ్బాయి. గాసి ఆమె వైపు చూసి, మంచినీళ్ళ సీసా అందించాడు. ఆమె తాగింది. లోపల చోటు ఇంకా తగ్గింది.

పొద మధ్యనుంచి ఒకసారి ఈల వచ్చింది. మూడు ముక్కలు, మూడోది పైకి. భానుశ్రీ ఊపిరి బిగబట్టింది. ఈల మళ్ళీ రాలేదు. ఫోనులో పిట్ట కూత పెట్టి పిలవకూడదా అని బుధు సైగచేసి అడిగాడు. దాన్ని మోసం చేయడం తప్పని భానుశ్రీ అడ్డంగా తలూపింది. రెండో గంట కూడా అయింది. ఎండ కాఫీ ఆకుల మీదికి దిగింది. కోడలు రాలేదు. దేముడమ్మ మనసులోనే దాన్ని బతిమాలింది. మనసులో అన్నది దానికి వినబడలేదు.

ఊళ్ళో తుడుం మోగింది.

బుధు లేచి పంచె దులుపుకున్నాడు. ఇక గొంతు తగ్గించే పని లేదనుకుని మామూలుగానే అన్నాడు.

"పేడ పొద్దున్నే నానబెట్టమని సెప్పి వొచ్చేను వదినా. పద, బేగి."

దేముడమ్మ నోరు విడిపోయింది.

ముందు వచ్చింది అల్లం. తర్వాత తెల్లకోడి. తర్వాత నాలుగేళ్ళ కిందట బుధు పట్టుకెళ్ళి తిరిగివ్వని నిచ్చెన, ఆ నిచ్చెనతో అతను నేసుకున్న పైకప్పు, అది కారే చోటు. తిడుతూ ఆమె లేచింది. తువ్వాలు జారిపోయింది. తిట్టేటప్పుడు వట్టి చేతులతో నిలబడడం ఆమెకు రాదు. చెట్టుకు ఆనించిన పంగకర్ర చేతిలోకి వచ్చింది. ఎడమపక్క ఆకు లాగింది. కుడిపక్క లాగింది. ఎలాగూ ఓడింది. పనైనా అవుతుంది.

బుధు ఏదో జవాబు చెప్పబోయాడు. భానుశ్రీ అతని మణికట్టు పట్టుకుంది.

ఆ పట్టు చూసి దేముడమ్మకు అనుమానం వచ్చింది. భానుశ్రీ కళ్ళు ఆమె వైపు లేవు. ఆమె మడమల వైపు ఉన్నాయి. భాస్కర్ కెమెరా మెల్లగా నేలకు వంగింది. ఆమె వెనక ఒక ఆకు టప్పుమని పడింది. ఇంకోటి పడింది.

కోడలు వచ్చింది.

నాలుగేళ్ళుగా ఆ పిట్టకు తెలిసింది ఒకటే. నోరు వినబడితే ఆకు కదులుతుంది. ఆకు కదిలితే పురుగు. నోరు వినబడకపోతే అక్కడున్నది ఎవరో, ఎందుకు కూచున్నారో. రెండు గంటలు అది పొదలో కూచుని అత్త కోసం ఎదురుచూసింది.

దేముడమ్మకు ఇది ఒక్క క్షణంలో అర్థమైంది. వెంటనే ఇంకోటి కూడా అర్థమైంది. ఇప్పుడు తాను ఆపకూడదు. తిరగకూడదు. భానుశ్రీ ఒక చేత్తో బుధును పట్టుకుని, రెండో చేత్తో కానివ్వండి, కానివ్వండి అని గాలిలో చక్రం తిప్పుతోంది.

ఆమె కానిచ్చింది. బుధు అయ్యాక గాసిని అందుకుంది. ఉప్పు తెమ్మని సంతకు పంపితే తాడు తెచ్చిన రోజు చెప్పింది. తాడెందుకని అడిగితే బాగుందన్నాడని చెప్పింది. కూరలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా అదే ముఖం పెట్టుకుని తినే మనిషికి ముప్పై రెండేళ్ళు వండిన పాపం చెప్పింది. గాసి కదలకుండా కూచుని విన్నాడు. వేరే దారి లేదు. తర్వాత కాలంచేసిన అత్తగారు, బతికున్న అల్లుళ్ళు, రాని బస్సు, వచ్చినా ఆగని బస్సు. అవి అయిపోతే కాఫీ మొక్కల్ని వరసగా పేరుపేరునా. భాస్కర్ బూటు. రాత్రి తమ ఇంట్లో భోజనానికి కూచుని రెండు ముద్దలు తిని చాలన్న భానుశ్రీ. "ఆ ఒంటికి గాలొస్తే ఎగిరిపోతావు గుంటా, పిట్టని ఎక్కడ సూత్తావు." భానుశ్రీ నోటికి చున్నీ అడ్డంపెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. బుధు కూడా పెదవి కొరుక్కుంటున్నాడు. నవ్వు బయటికొస్తే పిట్ట పోతుంది. ఐదుగురి మధ్య ఆ నవ్వు కుండలో పొంగే అంబలిలా మూత కిందే ఉడుకుతోంది.

వెనక ఆకులు రెండు చోట్ల పడుతున్నాయి. ఎన్నడూ బయటికి రాని మగడు కూడా వచ్చాడు.

అప్పుడు దేముడమ్మకు తిట్లు అయిపోయాయి.

జీవితంలో అలా ఎప్పుడూ జరగలేదు. లోపల వెతికింది. ఏమీ లేదు. సంత జీపులా ఎక్కిన మాటలన్నీ దిగిపోయాయి. ఒక్క ఊపిరి సేపు ఆగింది. వెనక ఆకు చప్పుడు ఆగింది. భానుశ్రీ చెయ్యి గాలిలో బిగుసుకుంది. ఆమె కంగారులో నోరు తెరిచింది. ఏం వస్తే అదే వచ్చింది. గొంతు మాత్రం తిట్టే గొంతే.

"ఈ గాసిగాడు. రెండో గుంట కడుపులో ఉన్నప్పుడు నొప్పులొచ్చి, వానకి దారి తెగిపోతే, డోలీ కట్టి మోసినాడు. ముందు ఈడు, ఎనక ఆల తమ్ముడు. నాను మాటాడనేకపోయేను. కళ్ళు మూతలు పడిపోతన్నాయి. ఈ మనిషి, ఈ మాటరాని మనిషి, దారంట మాటాడినాడు. ఇదిగో మామిడిసెట్టు, ఇదిగో సింతసెట్టు, ఇదిగో మీ అత్త జారిపడ్డ బండ, ఇదిగో ఇంకో మామిడిసెట్టు. డుంబ్రిగుడ ఆసుపత్రి దాకా ఒక్క సెట్టు వొదలనేదు. ఈడి మాటలన్నీ ఆ దినమే అయిపోయాయి. మరింకేటి మాటాడతాడు."

పంగకర్ర ఆగలేదు. ఆకు పడుతూనే ఉంది. ఆమె ఆ దారిలో గాసి చెప్పిన చెట్లన్నీ ఒక్కొక్కటే చెప్పింది. సగం దారికి గొంతు గరగరలాడింది. దేవుడి రాయి దగ్గరికి వచ్చేసరికి చీలింది. ఆసుపత్రి మెట్ల దగ్గర పూర్తిగా పోయింది.

పిట్టలు రెండూ తల ఎత్తాయి. రెండు గెంతులు. పొద మూసుకుంది.

ఎవరు ముందు నవ్వారో తెలియదు. ఆ తర్వాత ఆగడం ఎవరివల్లా కాలేదు. భానుశ్రీ దేముడమ్మను వాటేసుకుని గుండ్రంగా తిప్పింది. భాస్కర్ లేవబోయి కెమెరా పట్టీలో కాలు చిక్కి కాఫీపూల మీద పడ్డాడు. పడ్డచోటే కూచుని అందరికీ కెమెరా చూపించాడు. అందులో దేముడమ్మ పగిలిన మడమ, దాని వెనక కోడలు, ముక్కుతో పట్టిన ఆకు గాలిలో. బుధు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"కోడలు బాగుంది వదినా" అన్నాడు.

దేముడమ్మ దానికి తగిన జవాబు చెప్పబోయింది. నోట్లోంచి ఉత్త గాలి వచ్చింది.

సాయంత్రం వేటగాళ్ళు తిరిగొచ్చారు. బయల్దేరడమే పొద్దెక్కాక బయల్దేరారు. తొమ్మిదిమందిలో ఒక్కరి చేతిలోనూ ఒక దుంప లేదు, ఒక పండు లేదు. దారికి అడ్డంగా కట్టిన వెదురుబొంగు అవతల ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. భానుశ్రీ, భాస్కర్ కూడా అటే ఉన్నారు. భాస్కర్ కెమెరా చూపించినందుకు అతని చేతులు వట్టివి కావని ఆడవాళ్ళు తీర్పు చెప్పారు. అతను కొంచెం నిరాశపడ్డాడు.

అందరూ దేముడమ్మ వైపు చూశారు. పాట ఆమెది. అందులో ఇప్పుడు తగవు లేదు. పాట ఎత్తుకోకుండా పేడనీళ్ళు పోయకూడదు.

ఆమె నోరు తెరిచింది. రాలేదు. మళ్ళీ తెరిచింది. ఎండుటాకు కదిలినంత చప్పుడు. పొద్దున్నించీ కాపాడుకున్న పాట చేతికొచ్చాక గొంతు పనిచేయలేదు. ఆమె కుండ వైపు చూస్తూ నిలబడింది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె ఉండగా ఇంకొకరు ఎత్తుకోవడం ఎవరికీ ఇష్టం లేదు.

వేటగాళ్ళ వరసలో అందరికంటే వెనకనుంచి గాసి ముందుకు వచ్చాడు. విల్లు కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. అతని గొంతు ఎలా ఉంటుందో మరిచిపోయినవాళ్ళు ఆ గుంపులో చాలామంది ఉన్నారు.

"కుందేలొచ్చి దారడిగితే సెయ్యి సాపి సూపినోడా,
విల్లు మోసి మోసి బుజం అరగదీసిన వేటగాడా."

ముప్పై రెండేళ్ళ కిందట, ఇదే చోట, ఆమె నిలబడి కట్టిన పాట. ఆమె మరిచిపోయింది. అతను మాట పొల్లుపోకుండా, ఆమె ఆగినచోట ఆగి, ఆమె సాగదీసినచోట సాగదీసి, తనను తాను చివరిదాకా తిట్టుకున్నాడు. ఒక చరణం కాగానే ఆడవాళ్ళు అందుకున్నారు. డప్పు కలిసింది. పండక్కి వచ్చిన కూతుళ్ళు ముగ్గురూ కలిశారు.

దేముడమ్మ డొప్ప ముంచింది. వేటపెద్ద కాబట్టి బుధుతో మొదలుపెట్టింది. వరసగా ఒక్కొక్కరికీ ఒక్కో డొప్ప. ఉండబట్టలేక భాస్కర్ కూడా వరసలో దూరి తల వంచాడు, అతనికి అరడొప్ప. చివర గాసి.

అతని నెత్తిన ఒకటి పోసింది. మళ్ళీ ముంచి రెండోది పోసింది.

గాసి ముఖం తుడుచుకుని నవ్వాడు. ఆమె ఏదో అంది. గొంతు లేదు కాబట్టి అది ఎవరికీ వినబడలేదు. గాసి మాత్రం జవాబు చెప్పాడు.